ముక్కాయన దాచిన సంగతి

ఆ శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి మా వీధి చివరి షెడ్డులో ఇద్దరు మగాళ్ళు ఒక పాత కారు ముందు గొంతుక్కూర్చుని, దాని కింద నేల మీద పడ్డ ఒక్క చుక్కను చూస్తున్నారు. ఎంతసేపు చూశారంటే, ఈలోగా నేను రెండు చొక్కాలు కత్తిరించి మూడోదానికి కాలరు కూడా కుట్టేశాను. నా కుట్టుమిషను ఆ షెడ్డుకు సరిగ్గా ఎదురు. కాబట్టి ఇందులో ముప్పాతిక భాగం నా కళ్ళతో చూసిందే. మిగతా పావలా ఆ షెడ్డు మెకానిక్కు పెళ్ళాం చెప్పింది. ఆవిడ అబద్ధం ఆడదు, కాస్త పెంచుతుంది అంతే.

చుక్క చిన్నదే. మురికి రంగులో ఉంది. ఒకటి ఆరేలోగా ఇంకోటి పడుతోంది.

ఆ ఇద్దరిలో సన్నటాయన ముక్కాయన, మా వీధి మెకానిక్కు. లావుటాయన ఆయన బావ, అంటే అక్క మొగుడు. కారు బావదే. ఆ కారూ, బావ కూతురూ ఒకే ఏడాది ఆ ఇంటికి వచ్చాయి. పిల్లకు ఇప్పుడు ఇరవై మూడేళ్ళు. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఆ పిల్లకు డ్రైవింగు పరీక్ష. ఊరి చివర గుట్ట మీద మైదానంలో పెడతారు.

ఇదేదో సరదా లైసెన్సు అనుకోకండి. స్కూలు వాళ్ళు ఆ అమ్మాయికి వ్యాను నడిపే ఉద్యోగం ఇస్తామన్నారు. సోమవారం లైసెన్సు చూపిస్తే ఉద్యోగం, లేకపోతే వరసలో ఇంకో నలుగురున్నారు. పిల్ల ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మొదటిసారి తగలకూడని స్తంభానికి తగిలింది. రెండోసారి ఎత్తు మీద బండి ఆపి మళ్ళీ ఎక్కించమంటే, వెనక్కి జారి ఆఫీసరు గారి స్కూటరును పడగొట్టింది. పోనీ వేరే కారు తీసుకెళ్దామంటే, దరఖాస్తులో ఈ బండి నంబరే రాశారు. నంబరు మార్చాలంటే కొత్త తేదీ కావాలి, అది ఇంకో నలభై రోజులకు.

అదీ సంగతి. చుక్క పడుతూనే ఉంది.

ముక్కాయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. కరెంటు బిల్లు మీద కూడా ఉంటుంది. కానీ ఆ పేరుతో పిలిస్తే ఆయనే ఎవర్నోలే అనుకుంటాడు. మనిషి సన్నగా పుల్లలా ఉంటాడు, ముఖం నిండా ముక్కే. ఆ ముక్కుతోనే ముప్పై ఏళ్ళు సంసారం ఈదాడు. బండి షెడ్డు గుమ్మం దాటకముందే రోగం చెప్పేసేవాడు. క్లచ్చు కాలితే ఒక వాసనట, వైరు కాలితే ఇంకొకటట, ఇంజను చల్లగా ఉండేందుకు పోసే కూలెంటు వేడి ఇనుము మీద పడితే తియ్యటి వాసనట. ఒకసారి రెండు వీధుల అవతల పోతున్న కారును ఇక్కడ కూర్చునే పసిగట్టి, "ఆ బండి నాలుగు రోజుల్లో ఆగిపోద్ది" అన్నాడు. మూడో రోజే ఆగింది. నాలుగు రోజులని మూడు రోజులకే ఆపేశావేంటని ఆ ఓనరు తగువుకొచ్చాడు. పెట్రోలులో కిరసనాయిలు ఎన్ని చుక్కలు కలిపారో కూడా చెప్పేవాడని అంటారు. అనడమేంటి, నేనే అన్నాను.

అలాంటి మనిషికి నాలుగు నెలల కిందట జ్వరం వచ్చింది. వారం ఉండి పోయింది. పోతూ పోతూ వాసనను వెంటబెట్టుకు పోయింది. ముక్కు ఉన్నచోటే ఉంది, లోపల ఏమీ లేదు. పెట్రోలు డబ్బా మూత తీసి ముఖం పెట్టినా మంచినీళ్ళ బిందెలో పెట్టినట్టే.

ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాడు? జనం ఊరవతలి నుంచి బండ్లు తోసుకొచ్చేదే ఆ ముక్కు కోసం. అందుకని ఒక ఎత్తు వేశాడు. బానెట్టు తెరిచి, బండి తెచ్చినవాణ్ణే ముందుకు తోసి, "ఏం వాసనొస్తోంది? చెప్పు, నీ బండి గురించి నీకెంత తెలుసో చూద్దాం" అనేవాడు. వాడు పిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు, "రబ్బరు కాలినట్టుంది గురూ" అనేవాడు. "పాసయ్యావు పో" అని ఈయన పనిలోకి దిగేవాడు. నాలుగు నెలలు అలాగే లాక్కొచ్చాడు.

ఆ ఎత్తు బావ దగ్గర పారదు. బావకు నస్యం అలవాటు. ముప్పై ఏళ్ళు పీల్చి పీల్చి ఆ ముక్కు ఎలా తయారైందంటే, ఇల్లంటుకున్నా పక్కింటివాళ్ళు తలుపు కొట్టి చెప్పాల్సిందే.

"ఏరా, చుక్కను చూసి జాతకం చెబుతావా? ముక్కు పెట్టరా. రెండు నిమిషాల పని," అన్నాడు బావ.

"జలుబు బావా."

"ఎప్పుడో ఎండాకాలంలో పట్టిన జలుబేనా? దానికి పెన్షను కూడా వచ్చేలా ఉందే."

"నీ నస్యం డబ్బా జేబులో పెట్టుకుని, ఆ టార్చి ఇలా పట్టుకో."

వాసన రాని మనిషి లీకు పట్టుకోవడం ఎలాగో ఆ రోజు చూశాను. పొడిగుడ్డ తీసుకుని ఒక్కో గొట్టాన్నీ, ఒక్కో అతుకునూ తుడవడం, గుడ్డను వెలుతురులో పెట్టి తడి ఉందా అని చూడడం. కళ్ళు చేరని చోటికి పెళ్ళాం బొట్టు పెట్టుకునే అద్దం దూర్చడం. గంటన్నర పట్టింది. ముక్కున్న రోజుల్లో అయితే ఈపాటికి మూడు బండ్లు చేసి, మధ్యలో నాతో పోట్లాట కూడా పెట్టుకునేవాడు.

పదిన్నరకు దొరికింది. ఇంజను వెనక, చెయ్యి పట్టీపట్టని సందులో, వాటర్ పంపు నుంచి వెళ్ళే ఇనప గొట్టం. వంపు దగ్గర ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొర, దాని నడుమ సూదిమొనంత రంధ్రం.

రేడియేటరు కింద బేసిను పెట్టి నీళ్ళు దించాడు. మురికిగా వచ్చాయి. వాటి మీద నల్లటి నలకలు తేలుతున్నాయి.

"ఎంత తుప్పు పట్టించావు బావా! కూలెంటు మానేసి కుళాయి నీళ్ళు పోశావు కదూ?"

"రేడియేటరులో నీళ్ళు కాక పాలు పోస్తారా?" అని, కింద పడ్డ పుల్ల కూడా వంగి తియ్యని ఆ బావ, బేసినును గబగబా ఎత్తుకెళ్ళి కాలవలో పారబోశాడు. తుప్పు అయితే అడుక్కి దిగుతుంది గానీ తేలదు. ముక్కాయనకు అది తెలియక కాదు. గడియారం వంక చూస్తున్న మనిషి బేసిను వంక ఏం చూస్తాడు?

అలాంటి గొట్టం కొత్తది కొట్లలో దొరికే కాలం పోయింది. స్కూటరు వేసుకుని పాత ఇనుము యార్డుకు పరిగెత్తాడు. అక్కడ ఇలాంటి కారే ఒకటి చక్రాలు లేకుండా పడుందట, దాని గొట్టం ఊడదీసి తెచ్చాడు. ఒక కొసను బొటనవేలితో మూసి, నీళ్ళ బకెట్లో ముంచి, రెండో కొస నుంచి బుగ్గలు పగిలేలా ఊదాడు. బుడగ రాలేదు. గరుకు కాగితంతో రుద్ది, కొత్త రబ్బరు రింగు తొడిగి, ఆ సందులో చెయ్యి దూర్చి బిగించాడు. బయటకొచ్చిన చేతిని చూస్తే పిల్లితో కుస్తీ పట్టినట్టుంది. అంతా అయ్యేసరికి పన్నెండూ ముప్పావు.

కొత్త కూలెంటు పోసి ఇంజను స్టార్టు చేశారు. కింద పాత పేపరు పరిచారు. అయిదు నిమిషాలు. పేపరు మీద అక్షరం కూడా తడవలేదు.

"చూశావా? టార్చి పట్టింది నేను కాబట్టి అయింది," అన్నాడు బావ.

ముక్కాయన నవ్వబోయి, స్టీరింగు వెనక వేడి చూపించే ముల్లు వైపు చూశాడు. ముల్లు సగం దాటింది. ఇంకా లేస్తోంది. ఎర్ర గీత తాకేలోగా తాళం తిప్పి ఆపేశాడు.

లీకు లేదు. అయినా బండి ఉడుకుతోంది.

వేడి మీద రేడియేటరు మూత వెంటనే తియ్యకూడదు, ముఖం కాలుతుంది. ఆరేదాకా కూర్చోవాలి. ఆ కూర్చోవడం చూడలేకపోయాను బాబూ! గోళ్ళు కొరికాడు, గోళ్ళు అయిపోతే వేలి చర్మం కొరికాడు. లోపల గాలి ఇరుక్కుందేమోనని, చల్లారాక కారు ముందు భాగం జాకీతో లేపి, రబ్బరు గొట్టాలు పిసికి పిసికి గాలి తీశాడు. మళ్ళీ స్టార్టు చేశాడు. మళ్ళీ ముల్లు లేచింది.

ఒకటిన్నరకు ఆ అమ్మాయి వచ్చింది. ఇస్త్రీ మడత చెదరకుండా, చంకలో కాగితాల ఫైలుతో. వెనకే ముక్కాయన పెళ్ళాం అన్నం క్యారేజీ పట్టుకొచ్చింది. అది ఎవరూ విప్పలేదు.

"మావయ్యా, రెండున్నరకల్లా బయల్దేరాలి," అంది పిల్ల.

"తెలుసమ్మా."

"తెలుసంటున్నావు, మరి జాకీ ఎందుకు పెట్టావు?"

ఆయన రేడియేటరు గొట్టాలు రెండూ తడిమి చూశాడు. పై గొట్టం పట్టుకుంటే చెయ్యి కాలుతోంది, కింది గొట్టం చల్లగా ఉంది. నీళ్ళు తిరగట్లేదు, ఎక్కడో అడ్డం పడింది. అడ్డం పడే చోట్లు రెండు. ఒకటి థర్మోస్టాటు, అంటే ఇంజను వేడెక్కగానే తెరుచుకుని నీళ్ళను వదిలే చిన్న ఇత్తడి తలుపు. రెండోది తాను తెచ్చిన పాత గొట్టం. యార్డులో ఎన్నేళ్ళు పడుందో, లోపల ఏ మట్టిగడ్డ ఉందో. ఊదినప్పుడు గాలి ఆగిందంటే బొటనవేలి వల్ల ఆగిందా, మట్టి వల్లా? రెండో కొస వదిలేసి ఊదాడా, లేదా? ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. ముప్పై ఏళ్ళ చేతి మీద మొదటిసారి అనుమానం వచ్చింది.

గొట్టం విప్పి బిగించాలంటే గంటన్నర. థర్మోస్టాటు అయితే పావుగంట. రెండూ చేసే టైము లేదు. తప్పుదాన్ని పట్టుకున్నాడా, పిల్ల ఉద్యోగం గోవిందా. మునుపటి ముక్కయితే ఒక్క పీల్పుతో తేల్చేది. ఆయన రేడియేటరు మూత గుడ్డతో పట్టి మెల్లగా తిప్పాడు. ఆవిరి బుస్సుమంది. ముఖం పెట్టి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. షెడ్డులో గాలంతా అయిపోయేలా పీల్చాడు. ఏమీ లేదు.

"అమ్మాయ్, ఇలా రా. ఇక్కడ వాసన చూసి చెప్పు."

"ఇప్పుడు కూడా నీ పరీక్షలేనా మావయ్యా? నాకు మూడింటికి ఇంకోటుంది. నువ్వే చూడు."

ఆయన బావ వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు, చివరికి రోడ్డుకవతల ఉన్న నా వైపు కూడా చూశాడు.

"నాకు రావట్లేదమ్మా."

"ఏంటి?"

"వాసన. నాలుగు నెలలైంది. పెట్రోలుకీ మంచినీళ్ళకీ తేడా తెలియట్లేదు."

నా కుట్టుమిషను దానంతటదే ఆగిపోయింది.

బావే ముందు తేరుకున్నాడు. "అయితే పొద్దున్నుంచి నా కారు బాగు చేస్తున్నదెవర్రా?"

"మీరూరుకోండన్నయ్యా," అంది ముక్కాయన పెళ్ళాం. "నాకెప్పుడో తెలుసు. అడుగంటి బొగ్గైపోయిన పాలు పొరపాటున గ్లాసులో పోసిస్తే, తాగి బాగున్నాయన్నారు. మర్నాడు కావాలనే మాడ్చి ఇచ్చాను. ఇంకా బాగున్నాయన్నారు."

"తెలిస్తే అడగలేదేమే?"

"అడిగితే జలుబనేవాళ్ళు. ఎప్పుడు నోరు విప్పుతారోనని చూస్తున్నా. నాలుగు నెలలు! ఎన్ని గిన్నెల పాలు మాడ్చాలి నేను?"

అమ్మాయి మాత్రం ఫైలు అత్తయ్య చేతిలో పెట్టి, జడ వెనక్కి విసిరి, వంగి రేడియేటరు దగ్గర ముక్కు పెట్టింది. పీల్చీ పీల్చగానే వరసగా అయిదు తుమ్ములు తుమ్మింది. అయిదే, నేను లెక్కపెట్టాను.

"మావయ్యా... ఇది మిరియాల ఘాటు."

ముక్కాయన మెల్లగా బావ వైపు తిరిగాడు. బావ నస్యం డబ్బా తీసి, దాని మూత మీద ఏదో రాసున్నట్టు చదువుతున్నాడు.

"బావా."

"ఊఁ."

"ఎన్ని చెంచాలు?"

"చెంచాలు కాదురా. గుప్పెడు."

"గుప్పెడా!"

"లారీ డ్రైవరు చెప్పాడు. పొడి కొట్టి పోస్తే రంధ్రంలో ఇరుక్కుని లీకు ఆగిపోద్దన్నాడు. ఆగింది కూడా! పది రోజులు చుక్క పడలేదు తెలుసా? నీకు చెబితే తిడతావని..."

"నాన్నా! మిరియాల డబ్బా ఖాళీ చేశానని అమ్మ నన్ను కదా తిట్టింది!"

మామూలు గుప్పెడు కాదది. బావ గుప్పెడంటే మన దోసిలి. ఆ మాట అందామని నేను రోడ్డు దాటి వచ్చేశాను, కానీ అనే సందు దొరకలేదు. ముక్కాయనకు ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. ఆ పొడి ఇరుక్కునేది ఆ ఇత్తడి తలుపులోనే, కాబట్టి గొట్టం మీద అనుమానం పోయింది. స్పానరు తీసుకుని థర్మోస్టాటు మీద పడ్డాడు. తొందరలో వేడినీళ్ళు మణికట్టు మీద పడి తోలు ఎర్రబడింది, "స్స్" అని కూడా అనలేదు.

బయటకు తీస్తే అది థర్మోస్టాటులా లేదు. నల్లటి ముద్దలా ఉంది. కడిగి, పెళ్ళాం స్టవ్వు మీద నీళ్ళు మరిగించి అందులో వేశారు. మరిగే నీళ్ళలో తలుపు తెరుచుకోవాలి. అయిదుగురం గిన్నె మీదకు వంగి చూశాం. సగం తెరుచుకుని, అలిగినట్టు ఆగిపోయింది.

"దీన్ని నమ్మను. ఇవాళ్టికి ఇది లేకుండానే పోదాం," అన్నాడు.

నా కుళాయికి పైపు తగిలించి ఇంజను లోపలంతా నీళ్ళు వదిలారు. నల్లగా వచ్చింది, గోధుమరంగుగా వచ్చింది. కళ్ళకు తెల్లగా కనబడేసరికి ఆయన ఆపబోయాడు.

"ఉండు మావయ్యా," అని అమ్మాయి వంగింది. "ఇంకా ఉంది."

మళ్ళీ వదిలారు.

"ఇంకా."

గడియారం రెండూ ఇరవై అయిదు. బావ లెంపలేసుకున్నంత పని చేస్తున్నాడు.

"ఇప్పుడు లేదు."

"నిజంగానా?"

"లేదన్నానుగా. నాదీ నీ ముక్కులా పోయిందన్నట్టు చూడకు నన్ను."

కూలెంటు పోశారు. స్టార్టు చేశారు. ముల్లు లేచింది, సగం దగ్గరికొచ్చింది, ఆగింది. ఆగిన ముల్లును నమ్మడానికి ఇంకో రెండు నిమిషాలు చూశారు. రెండూ నలభైకి పిల్ల స్టీరింగు పట్టుకుంది, పక్కన బావ, వెనక ముక్కాయన. ఆయన పెళ్ళాం ఇంటికి తాళం కూడా వెయ్యకుండా ఎక్కేసింది. తాళం నేను వేశాను.

గుట్ట ఎక్కడం మొదలవగానే ముల్లు మళ్ళీ కదిలిందట. ముక్కాయన రెండు సీట్ల మధ్య తల దూర్చి దాన్నే చూస్తున్నాడట.

"మావయ్యా, నీ ఊపిరి నా చెవిలో కొడుతోంది. దారి చూడనియ్యి."

"హీటరు పెట్టు."

"ఏంటీ?" అని అరిచాడు బావ. "ఈ ఎండలో హీటరా? మమ్మల్ని ఉడకబెడతావా?"

"ఇంజను వేడి కొంత ఇటు లాగుద్ది. అది ఉడకడం కంటే మనం ఉడకడం నయం. పెట్టమ్మా!"

పెట్టింది. అద్దాలన్నీ దించారు. నలుగురూ ఆవిరి పట్టినట్టు చెమటలు కారుతూ గుట్ట ఎక్కారు. ముల్లు ఎర్ర గీతకు వేలెడు దూరంలో ఆగిపోయింది. గేటు దగ్గర దిగేసరికి మూడుకు రెండు నిమిషాలు తక్కువ. ఇస్త్రీ మడత సంగతి అడక్కండి.

లోపలికి పిల్లనూ బండినీ మాత్రమే రానిచ్చారు. మైదానం చుట్టూ ఎత్తు గోడ. ముక్కాయన గోడకు చెవి ఆనించి నిలబడ్డాడు. కంటికి కనబడదు, ముక్కుకు తెలియదు, మిగిలింది చెవే. ఇంజను శబ్దం దూరంగా పోయింది, తిరిగి దగ్గరికొచ్చింది, మలుపు తీసుకుంది. ఎత్తు దగ్గర ఆగింది. ఆగి, ఎంతకీ కదల్లేదు. ఆయన కాలిన మణికట్టును ఇంకో చేత్తో పిసుకుతున్నాడని కూడా ఆయనకు తెలియలేదట. చూస్తున్న పెళ్ళానికి నొప్పి పుట్టింది గానీ ఈయనకు పుట్టలేదు. తర్వాత ఇంజను ఒక్కసారి గట్టిగా మూలిగి, జారకుండా పైకెక్కింది.

కాసేపటికి కారు గేటు బయటకొచ్చింది. అమ్మాయి దిగింది, ఎవరి వైపూ చూడలేదు. ముందుకెళ్ళి బానెట్టు ఎత్తి, వంగి, అటూ ఇటూ పీల్చింది.

"తీపి లేదు, ఘాటు లేదు. వేడి ఇనుము వాసన, అంతే మావయ్యా."

"అది సరేనే తల్లీ! ఆఫీసరు?"

"హీటరు ఆపితే ఎక్కడ ఉడుకుతుందోనని ఆపలేదు. ఆయన ఒక్క రౌండుకే చొక్కా గుండీలు రెండు విప్పుకుని, 'చాలమ్మా, పాస్, ముందు నన్ను దించు' అన్నాడు."

బావ అక్కడే రోడ్డు మీద కూలబడి, ముందు ఏడ్చి, తర్వాత నస్యం పీల్చాడు.

ముక్కాయన ముక్కు సంగతి వీధంతా చెప్పే పని నా మీద పడుతుందని శని, ఆదివారాలు నేను గొంతు సవరించుకుంటూనే ఉన్నాను. ఆయన నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. సోమవారం పొద్దున మొదట వచ్చిన కూరగాయల వ్యాను వాడికి బానెట్టు తెరవకముందే చెప్పేశాడు.

"ముందే చెబుతున్నా. నా ముక్కు పోయింది, ఇంక వస్తుందో రాదో తెలీదు. చేతులున్నాయి, కళ్ళున్నాయి. వాసన నువ్వు చూసి చెప్పాలి. ఇష్టమైతే ఉండు, లేకపోతే పెద్ద రోడ్డు మీద ఇంకో షెడ్డుంది."

వాడు బుర్ర గోక్కున్నాడు. వెళ్ళిపోతాడనే అనుకున్నాను. ఆ వారంలో అలా విని వెళ్ళిపోయినవాళ్ళు ఇద్దరున్నారు కూడా, కాదనను.

"నాకూ జలుబే గురూ," అన్నాడు వాడు.

ముక్కాయన ఇంటి వైపు తిరిగి పెళ్ళాన్ని కేకేశాడు. ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఇంజను మీదకు వంగి, కళ్ళు మూసుకుని పీల్చింది. ఆయన స్పానరు పట్టుకుని ఆవిడ ముఖం వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఇంజనాయిలు మాడుతోందండీ," అంది. "ఎడమ పక్క."